కారు దిగకుండానే అందే సేవలు: డ్రైవ్-ఇన్, డ్రైవ్-త్రూ వ్యాపారాలు

వినియోగదారు కారు దిగకుండానే సరుకు కొనడానికి, తినడానికి, డబ్బు జమచేయడానికి, సినిమా చూడడానికి వీలుగా స్థలాన్నీ కట్టడాన్నీ పని పద్ధతినీ అమర్చుకున్న వ్యాపారాలను డ్రైవ్-ఇన్, డ్రైవ్-త్రూ వ్యాపారాలు అంటారు. ఇవి ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో రూపుదిద్దుకుని, తర్వాత ఇతర ఖండాలకు విస్తరించాయి. వీటిలో ఆహార విక్రయానిదే పెద్ద వాటా. బ్యాంకులు, మందుల దుకాణాలు, సినిమా ప్రదర్శనశాలలు, ప్రార్థనా మందిరాలు సైతం ఈ పద్ధతిని వాడుకున్నాయి.

నిర్వచనం, రకాలు

డ్రైవ్-ఇన్‌లో కారు ఒకచోట ఆగుతుంది, సేవ దాని దగ్గరకు వస్తుంది. డ్రైవ్-త్రూలో సేవ ఒకచోట ఉంటుంది, కార్లు ఒకదాని వెనుక ఒకటి దాని ముందునుంచి సాగిపోతాయి. పైకి చిన్న తేడాలా కనిపించినా వ్యాపారం లెక్క మొత్తం ఇక్కడే మారుతుంది. మొదటిది వచ్చినవారిని కూర్చోబెట్టే వ్యాపారం. దానికి విశాలమైన జాగా, వడ్డించే మనుషులు కావాలి. రెండోది వచ్చినవారిని వీలైనంత తొందరగా పంపించే వ్యాపారం. దానికి కట్టడం చుట్టూ ఒక సన్నని దారి చాలు, కానీ ప్రతి సెకనూ లెక్కలోకి వస్తుంది. ఈ రంగం చరిత్రలో ఎక్కువ భాగం మొదటి పద్ధతి తగ్గి, రెండోది పెరిగిన కథే.

మూడో రకం కర్బ్‌సైడ్ పికప్. ఇందులో ఆర్డరు, చెల్లింపు ముందే ఫోనులో అయిపోతాయి. గుర్తువేసిన చోట కారు ఆపితే సిబ్బంది సరుకు తెచ్చి డిక్కీలో పెడతారు. పెట్రోలు బంకులు, కార్లు కడిగే కేంద్రాలు కారుకే సేవ చేస్తాయి కనుక సాధారణంగా వీటిని ఈ వర్గంలో చేర్చరు. అయితే చరిత్ర చెప్పాలంటే మాత్రం బంకు దగ్గర మొదలుపెట్టక తప్పదు.

తొలి రూపాలు

కార్లు వచ్చిన కొత్తలో అమెరికాలో పెట్రోలును కిరాణా కొట్లలో, మందుల షాపుల్లో డబ్బాల్లో అమ్మేవారు. రోడ్డు అంచున నిలబెట్టిన పంపులు ఆ తర్వాత వచ్చాయి. కారు రోడ్డు దిగి లోపలికొచ్చి ఇంధనం పోయించుకునేలా ప్రత్యేకంగా కట్టిన బంకును గల్ఫ్ కంపెనీ 1913 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో తెరిచింది. వాహనానికి వ్యాపారస్థలంలోకి దారి ఇవ్వడమనే ఆలోచనకు ఇది తొలి నమూనాల్లో ఒకటి.

1908లో మార్కెట్లోకి వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ ధర 1920ల మధ్యకు 300 డాలర్ల లోపుకు దిగింది. మధ్యతరగతి కుటుంబం కారులో ఊరు దాటి వెళ్లడం మామూలైపోయింది. 1919లో కాలిఫోర్నియాలోని లోడై పట్టణంలో రాయ్ అలెన్ రూట్ బీర్ అనే పానీయాన్ని అమ్మే కొట్టు పెట్టాడు. 1922లో ఫ్రాంక్ రైట్‌తో కలిసి దాన్ని ఏ అండ్ డబ్ల్యూ గొలుసుగా మార్చాడు. కార్ల దగ్గరకే గ్లాసులు చేరవేసిన తొలి సంస్థల్లో ఇదొకటి.

డ్రైవ్-ఇన్ భోజనశాలకు ఆద్యుడిగా ఎక్కువమంది పేర్కొనేది టెక్సస్‌కు చెందిన జెస్సీ కిర్బీని. పొగాకు, మిఠాయిల టోకు వ్యాపారి అయిన ఇతడు వైద్యుడు రూబెన్ జాక్సన్ పెట్టుబడితో 1921లో డాలస్-ఫోర్ట్‌వర్త్ రహదారిపై పిగ్ స్టాండ్ ప్రారంభించాడు. అమ్మకంలో ముఖ్యమైనది నిప్పుల మీద కాల్చిన పంది మాంసం శాండ్‌విచ్. కారు ఆగీ ఆగకముందే కుర్రాళ్లు దాని పక్క మెట్టు మీదికి ఎగిరి ఆర్డరు తీసుకునేవారు. ఈ సంస్థ కొన్నేళ్లలోనే పలు రాష్ట్రాలకు పాకి, చివరకు 2006లో గొలుసుగా మూతపడింది. డాలస్ శివార్లలోని ఇర్వింగ్, ఫ్రిస్కో పట్టణాల్లో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు ఇప్పుడు తిరిగేది ఈ పద్ధతి పుట్టిన ప్రాంతంలోనే.

కార్‌హాప్‌లు

కార్ల దగ్గరకు పళ్లెం మోసుకెళ్లే పనివారిని కార్‌హాప్‌లు అంటారు. మొదట్లో అందరూ మగపిల్లలే. 1930ల్లో యజమానులు యువతులను తీసుకుని, వారికి బ్యాండు మేళం వారిని పోలిన దుస్తులు తొడిగించడం మొదలుపెట్టారు. 1940లో లైఫ్ పత్రిక ముఖచిత్రంగా హ్యూస్టన్ కార్‌హాప్ ఫొటో వేసిందంటే వారికి ఎంత ప్రచారం ఉండేదో తెలుస్తుంది. ఆదాయం ఆ ప్రచారానికి తగినట్టు లేదు. చాలాచోట్ల జీతం నామమాత్రమే, రాబడి అంతా టిప్పులే.

కట్టడాలు కూడా కారును దృష్టిలో పెట్టుకునే రూపొందాయి. లాస్ ఏంజెలెస్‌లో వాస్తుశిల్పి వేన్ మెక్ఆలిస్టర్ 1930ల్లో గుండ్రని డ్రైవ్-ఇన్‌లు నిర్మించాడు. మధ్యలో వంటగది, చుట్టూ చక్రం ఆకుల్లా కార్లు ఉండేవి. ఏ కారుకైనా నడక దూరం ఒకటే. వేగంగా వెళ్లే డ్రైవరుకు దూరం నుంచే కనిపించేలా ఎత్తైన స్తంభం, నియాన్ దీపాలు పెట్టేవారు. ఆయనే గీసిన, 1949 నాటి బాబ్స్ బిగ్ బాయ్ బర్‌బ్యాంక్‌లో ఇప్పటికీ నడుస్తోంది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు, టైర్ల మీద రేషను ఈ వ్యాపారాన్ని కుంగదీసింది. యుద్ధం ముగిశాక రద్దీ తిరిగొచ్చినా కొత్త చిక్కులు తోడయ్యాయి. ఒక కోలా కొని గంటలు గడిపే కుర్రకారు, పోయే గ్లాసులు, పగిలే పళ్లేలు, దొరకని పనివారు. మనుషుల అవసరం తగ్గించడానికి 1940ల చివర లాస్ ఏంజెలెస్‌లో ఒక భోజనశాల వంటగది నుంచి ప్రతి కారు కిటికీ దాకా పట్టాలు వేసి, వాటి మీద పెట్టెల్లో ఆహారం పంపింది. అది నిలవలేదు. శాన్ బెర్నార్డినోలో 1940 నుంచి కార్‌హాప్‌లతో నడిచిన మెక్‌డొనాల్డ్ సోదరుల డ్రైవ్-ఇన్ 1948లో మూతపడి, కార్‌హాప్‌లు లేకుండా, కొద్ది రకాల పదార్థాలతో, కాగితపు పొట్లాలతో మళ్లీ తెరుచుకుంది. జనం కారు దిగి కిటికీ దగ్గర నిలబడాల్సి వచ్చింది. కారు దిగనక్కర్లేదన్న వాగ్దానాన్ని వదులుకున్నాకే ఆ సంస్థ పెరగడం గమనించదగ్గది.

పాత పద్ధతిని నిలుపుకున్న పెద్ద గొలుసు సోనిక్. ట్రాయ్ స్మిత్ 1953లో ఓక్లహామాలోని షానీలో మొదలుపెట్టిన టాప్ హ్యాట్ 1959లో ఈ పేరు తీసుకుంది. ప్రతి కారు పక్కన స్పీకరు ఉంటుంది. స్కేట్ల మీద పనివారు ఆహారం తెచ్చే పద్ధతి అక్కడ నేటికీ ఉంది.

డ్రైవ్-త్రూ ఆవిర్భావం

మొదటి డ్రైవ్-త్రూ ఎవరిదనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రూట్ 66 రహదారిపై 1947లో తెరిచిన రెడ్స్ జెయంట్ హ్యాంబర్గ్ ఒక హక్కుదారు. 1948లో హ్యారీ, ఎస్తర్ స్నైడర్ దంపతులు కాలిఫోర్నియాలోని బాల్డ్‌విన్ పార్క్‌లో తెరిచిన ఇన్-ఎన్-అవుట్ ఇరువైపులా మాట వినిపించే స్పీకరు పెట్టెను వాడింది. 1951లో శాన్ డియేగోలో రాబర్ట్ పీటర్సన్ ప్రారంభించిన జాక్ ఇన్ ది బాక్స్ స్పీకరును విదూషకుడి బొమ్మలో అమర్చింది. అప్పటికి యంత్రంతో మాట్లాడే అలవాటు జనానికి లేదు.

స్పీకరు వల్ల జరిగిన ముఖ్యమైన మార్పు, ఆర్డరు చెప్పే చోటు, అందుకునే చోటు వేరుపడడం. కారు ఆ రెండింటి మధ్య దూరం దాటేలోపు వంట సాగుతుంది. డ్రైవ్-త్రూ వేగమంతా ఈ విడదీతలోనే ఉంది.

వెండీస్ 1970ల ఆరంభంలో ఒహాయోలోని కొలంబస్‌లో విడి కిటికీ పెట్టింది. మెక్‌డొనాల్డ్స్ తన తొలి డ్రైవ్-త్రూను 1975 జనవరిలో అరిజోనాలోని సియెర్రా విస్టాలో తెరిచింది. కారణం పక్కనున్న ఫోర్ట్ హువాచుకా సైనిక స్థావరం. సైనికులు పని దుస్తుల్లో స్థావరం బయట వాహనం దిగకూడదన్న నియమం ఉండేది. ఆ నియమం చుట్టూ దారి వెతికిన కిటికీ సంస్థ ప్రధాన ద్వారంగా మారింది. అమెరికాలో ఇప్పుడు మెక్‌డొనాల్డ్స్ అమ్మకాల్లో సుమారు 70 శాతం డ్రైవ్-త్రూ ద్వారానే. బ్రిటన్‌లో ఈ సంస్థ డ్రైవ్-త్రూ 1986లో మాంచెస్టర్‌లోని ఫాలోఫీల్డ్‌లో, చైనాలో 2005లో డాంగ్‌గువాన్‌లో వచ్చాయి. కార్ల తయారీదారులూ ఈ అలవాటుకు తగ్గట్టే మారారు. 1983 చివర్లో మార్కెట్లోకి వచ్చిన క్రైస్లర్ మినీవ్యాన్ తర్వాత గ్లాసు పెట్టుకునే గుంట లేని కారును అమెరికాలో అమ్మడం కష్టమైంది.

పనితీరు

డ్రైవ్-త్రూ దారి ఏ దిక్కుగా తిరగాలో స్టీరింగు ఉన్న వైపు నిర్ణయిస్తుంది. డ్రైవరు ఎడమవైపు కూర్చునే అమెరికాలో కట్టడం కారుకు ఎడమన ఉండాలి, కనుక కార్లు అపసవ్యంగా తిరుగుతాయి. భారత్, బ్రిటన్‌లలో ఇది తలకిందులై సవ్యదిశ అవుతుంది.

దారి మొదట్లో ఏం తినాలో ఆలోచించుకోవడానికి ఒక బోర్డు, కొంచెం ముందుకు వెళ్లాక ధరలతో పెద్ద బోర్డు, దాని పక్కన స్పీకరు ఉంటాయి. నేలలో పాతిపెట్టిన తీగచుట్ట, తన పైకి కారు రాగానే ఆ కారు లోహం వల్ల విద్యుత్ ప్రవాహంలో వచ్చే మార్పును పసిగట్టి లోపలి సిబ్బంది చెవిలో గంట మోగిస్తుంది, గడియారాన్ని మొదలుపెడుతుంది. హెడ్‌సెట్ పెట్టుకున్న ఉద్యోగి ఆర్డరు వింటూనే మీటలు నొక్కుతాడు. వంటగది తెరపై ఆ వస్తువులు వెంటనే కనిపిస్తాయి. చాలాచోట్ల డబ్బు తీసుకునే కిటికీ ఒకటి, పొట్లం ఇచ్చే కిటికీ మరొకటి. ఒక్కో కారు ఏ మజిలీలో ఎన్ని సెకన్లు ఆగిందో గోడమీది తెర చూపిస్తుంది. ఆ అంకె ఎర్రగా మారకుండా చూడడమే షిఫ్టు మేనేజరుకు సగం ఉద్యోగం.

ఒక పెద్ద ఆర్డరు వరస మొత్తాన్ని ఆపేయగలదు. అందుకే ఆలస్యమయ్యే కారును ముందుకు వెళ్లి పక్కన ఆగమంటారు, సిబ్బంది నడిచి తెచ్చిస్తారు. అంటే రద్దీ మరీ పెరిగినప్పుడు డ్రైవ్-త్రూ కాసేపు డ్రైవ్-ఇన్ అవుతుంది. ఆర్డరు చెప్పడానికి రెండు వరసలు పెట్టి, చెల్లింపు దగ్గర ఒకటిగా కలపడం మరో ఉపాయం. స్పీకరు మాటల్లో పొరపాట్లు తగ్గించడానికి ఆర్డరును తెరపై చూపడం సాధారణమైంది. మనిషికి బదులు కంప్యూటరే ఆర్డరు వినే ఏర్పాటును మెక్‌డొనాల్డ్స్ ఐబీఎంతో కలిసి వంద దాకా శాఖల్లో పరీక్షించి 2024లో ఆపేసింది. వెండీస్ గూగుల్‌తో కలిసి 2023లో అటువంటిదే మొదలుపెట్టింది.

డ్రైవ్-ఇన్ సినిమా

న్యూజెర్సీకి చెందిన రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ ఇంటి వాకిట్లో కారు బానెట్ మీద ప్రొజెక్టరు పెట్టి, చెట్లకు తెర కట్టి ప్రయోగాలు చేశాడు. ముందు కారు వెనుక కారుకు అడ్డు రాకుండా ప్రతి వరసలో నేలను వాలుగా మలచి, కారు ముందు భాగం పైకి లేచేలా చేయడం ఆయన ఆలోచనలో కీలకం. 1933 మే 16న పేటెంటు వచ్చింది. జూన్ 6న కామ్డెన్ దగ్గర ప్రదర్శన మొదలైంది. టికెట్టు కారుకు 25 సెంట్లు, మనిషికి మరో 25 సెంట్లు. నేలను వాలుగా మలచడం పేటెంటు ఇవ్వదగ్గ ఆవిష్కరణ కాదని 1949లో అప్పీలు న్యాయస్థానం తేల్చింది.

మొదట తెర దగ్గరి పెద్ద స్పీకర్లే ఉండేవి. వెనుక కార్లకు మాట ఆలస్యంగా వినబడేది, పక్క వీధులకు నిద్ర ఉండేది కాదు. 1940ల్లో ఆర్‌సీఏ కంపెనీ కారు కిటికీకి తగిలించే స్పీకర్లు తెచ్చింది. తర్వాత ఎఫ్ఎం ద్వారా కారు రేడియోలోకే ధ్వని పంపడం వచ్చింది. 1950ల చివరకు అమెరికాలో ఇవి 4,000 దాటాయి. శివార్లు పెరిగి భూమి ధర ఎక్కడం, వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం వల్ల చీకటి పడేసరికి ఆలస్యం కావడం, ఇంట్లో టీవీ, వీసీఆర్ రావడం వీటిని దెబ్బతీశాయి. నేడు మిగిలినవి కొన్ని వందలు. సాయంత్రం తప్ప పనికిరాని ఎకరాల కొద్దీ స్థలం ధర పెరిగిన కొద్దీ, యజమానికి సినిమా కంటే ఆ స్థలాన్ని అమ్ముకోవడమే లాభసాటి.

ఇతర సేవలు

బ్యాంకుల్లో 1946లో చికాగోలోని ఎక్స్చేంజ్ నేషనల్ బ్యాంకు తెరిచిన పది కిటికీల శాఖ ప్రసిద్ధం. గుండు దూరని అద్దం, లోపలికీ బయటికీ జరిగే సొరుగు దాని ప్రత్యేకతలు. దూరపు వరసల్లోని కార్లకు గాలి ఒత్తిడితో నడిచే గొట్టాల్లో డబ్బు, చెక్కులు పంపే పద్ధతి తర్వాత వ్యాపించింది. ఏటీఎంలు, ఫోను చెల్లింపులు వచ్చాక దీని అవసరం తగ్గింది. మందుల దుకాణాల్లో వాల్‌గ్రీన్స్ 1990ల్లో ఈ కిటికీలను విస్తృతంగా ప్రవేశపెట్టింది. జ్వరంతో ఉన్నవారు, పసిపిల్లల తల్లులు కారు దిగనక్కర్లేకపోవడం ఇక్కడ నిజమైన సౌకర్యం.

పాస్టర్ రాబర్ట్ షూలర్ 1955లో కాలిఫోర్నియాలో ఒక డ్రైవ్-ఇన్ సినిమా ఆవరణలో తినుబండారాల కొట్టు పైకప్పు మీద నిలబడి ఆదివారం ప్రార్థనలు జరిపాడు. లాస్ వేగస్‌లో కారులోనే పెళ్లి చేసే కిటికీలున్నాయి. జపాన్‌లోని ఉయెదలో 2017లో ఒక అంత్యక్రియల సంస్థ కారులోంచే నివాళి అర్పించే ఏర్పాటు చేసింది. నడవలేని వృద్ధులను ఉద్దేశించినది కావడంతో దీన్ని వింతగా కొట్టిపారేయడం సరికాదు. లూయిజియానాలో మద్యం కలిపిన డైకిరీ పానీయాన్ని డ్రైవ్-త్రూలో అమ్ముతారు. మూతకు స్ట్రా గుచ్చనంతవరకు చట్టం దృష్టిలో అది సీలు విప్పని గ్లాసే.

ఫ్రాన్స్‌లో నిత్యావసర సరుకులదే పైచేయి. 2000లో లీర్స్‌లో ఓషాన్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతిలో ఇంటి నుంచి ఆర్డరు ఇచ్చి, కారుతో వెళ్లి తెచ్చుకుంటారు. వీటిని అక్కడ డ్రైవ్ అనే పిలుస్తారు. ఇప్పుడు దేశమంతటా వేల సంఖ్యలో ఉన్నాయి.

భారతదేశంలో

దేశంలో బాగా పేరుపడినది మద్రాసులోని ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్. ఉడుపి హోటళ్ల వ్యాపారి కె. కృష్ణారావు 1962లో కెథెడ్రల్ రోడ్డులో చెట్ల మధ్య దీన్ని తెరిచారు. కారు తలుపుకు తగిలించిన పళ్లెంలో ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ వచ్చేవి. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో సినిమావారికీ పత్రికలవారికీ అది కూర్చునే చోటు. ప్రభుత్వ స్థలం విషయమై నడిచిన వివాదం తర్వాత 2008లో మూతపడింది. ఆ చోట 2010లో సెమ్మొళి పూంగా ఉద్యానం వెలిసింది. అహ్మదాబాద్‌లో 1973లో మొదలైన సన్‌సెట్ డ్రైవ్-ఇన్ సినిమా ఎంత గుర్తుగా నిలిచిందంటే, అక్కడికి వెళ్లే దారికి డ్రైవ్-ఇన్ రోడ్డు అనే పేరే స్థిరపడింది. అక్కడ ప్రేక్షకులు కారు పక్కన చాపలు పరుచుకుని కూర్చుంటారు. ముంబైలో 2021లో ఒక షాపింగ్ మాల్ కప్పు మీద 290 కార్లు పట్టే జియో డ్రైవ్-ఇన్ ప్రారంభమైంది. నేల మీద స్థలం దొరకని నగరం అది.

మెక్‌డొనాల్డ్స్, స్టార్‌బక్స్ వంటి సంస్థల డ్రైవ్-త్రూలు దేశంలో ఎక్కువగా జాతీయ రహదారుల పక్కన కనిపిస్తాయి. నగరాల్లో ఇవి పెద్దగా పెరగకపోవడానికి భూమి ధర ఒక కారణం. రోడ్డు మీది వాహనాల్లో అధిక భాగం ద్విచక్ర వాహనాలు కావడం మరొకటి. అన్నింటికంటే పెద్ద కారణం, అమెరికాలో స్పీకరు, కిటికీ, తీగచుట్ట చేసే పనిని ఇక్కడ తక్కువ కూలికి మనిషి చేయడం. హైదరాబాదులో ఇరానీ హోటలు ముందో, విజయవాడలో టిఫిన్ బండి దగ్గరో కారు ఆపి హారన్ కొడితే కుర్రాడు వచ్చి ఆర్డరు తీసుకుంటాడు. బోర్డు లేకపోయినా అది డ్రైవ్-ఇన్ సేవే. బంకులో కూడా మనిషే, మీటరు మీద జీరో చూసుకోమని చెప్పి మరీ పెట్రోలు పోయడం ఇక్కడ సాధారణం. అమెరికాలో ఇప్పుడు కొనేవారే పెట్రోలు పోసుకోవడాన్ని పూర్తిగా నిషేధించే రాష్ట్రం న్యూజెర్సీ ఒక్కటే. ఇంటికే భోజనం తెచ్చే సంస్థలు విస్తరించాక, కారు వేసుకుని వెళ్లి పొట్లం తెచ్చుకోవడం మరింత అనవసరమైంది.

విమర్శలు, నియంత్రణ

ఆగిన కార్ల ఇంజన్లు విడిచే పొగ, రోడ్డు మీదికి పాకే వరస, ఫుట్‌పాత్‌ను కోస్తూ సాగే ప్రవేశమార్గాల వల్ల పాదచారులకు ప్రమాదం ప్రధాన అభ్యంతరాలు. హోటలు లోపలి భాగం మూసి కిటికీ ఒక్కటే తెరిచి ఉంచే రాత్రివేళల్లో కారు లేనివారికి, చూపు లేనివారికి సేవ అందదు. దీనిపై అమెరికాలో వ్యాజ్యాలు నడిచాయి. కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పో 1982లో, మినియాపొలిస్ 2019లో కొత్త డ్రైవ్-త్రూలను నిషేధించాయి. ఇంజను ఆపమంటే సరిపోయే చోట కట్టడాన్నే వద్దనడం అతి అని వ్యాపారుల వాదన. ఒక కారు వరసకు ఇచ్చే స్థలంలో వీధికి పనికొచ్చే దుకాణాలు పెట్టవచ్చని నగర ప్రణాళికల నిపుణుల వాదన.

మెక్‌డొనాల్డ్స్ మీద నడిచిన వేడి కాఫీ కేసు కూడా డ్రైవ్-త్రూలోదే. 1992లో ఆల్బుకర్కీలో ఆగిన కారులో కూర్చున్న 79 ఏళ్ల మహిళ మూత తీయబోగా కాఫీ ఒలికి తీవ్రంగా కాలింది. దాన్ని 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఇచ్చేవారని విచారణలో తేలింది. 1994లో జ్యూరీ దాదాపు 29 లక్షల డాలర్లు ఇమ్మనగా న్యాయమూర్తి 6,40,000కు తగ్గించారు, తర్వాత రాజీ కుదిరింది. దురాశ వ్యాజ్యంగా దీనికి వచ్చిన పేరు ఆ గాయాల తీవ్రతను చూస్తే న్యాయమైనది కాదు.

2020 తర్వాత

కోవిడ్ కాలంలో మనిషికీ మనిషికీ మధ్య కారు అద్దం రక్షణగా మారింది. 2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా కారులోనే నమూనా తీసుకునే పరీక్షా కేంద్రాలు నెలకొల్పగా పలు దేశాలు అనుసరించాయి. ముంబైలోని దాదర్‌లో 2021 మేలో ఒక పార్కింగ్ భవనంలో కారులోనే టీకా వేశారు. అమెరికాలో తెలుగువారు వెళ్లే దేవాలయాలతో సహా పలు హిందూ ఆలయాలు కారులోంచే దర్శనం, ప్రసాదం ఏర్పాటు చేశాయి.

ఫోనులో ముందే ఆర్డరు చేసినవారికి విడి వరసలు పెట్టడం ఆ తర్వాతి ధోరణి. మినియాపొలిస్ శివారైన బ్రూక్లిన్ పార్క్‌లో 2022లో టాకో బెల్ నాలుగు వరసల రెండంతస్తుల శాఖ తెరిచింది. వంటగది పైన ఉంటుంది, ఆహారం చిన్న లిఫ్టులో కారు దగ్గరకు దిగుతుంది. 2019 నిషేధం వల్ల మినియాపొలిస్ నగర సరిహద్దు లోపల ఆ శాఖకు అనుమతి దొరికేది కాదు. విద్యుత్ కార్లు లెక్కను ఇంకోవైపు తిప్పుతున్నాయి. ఛార్జింగుకు పావుగంట నుంచి అరగంట ఎలాగూ ఆగాలి కనుక, పంపించే వ్యాపారం కంటే కూర్చోబెట్టే వ్యాపారానికే అక్కడ గిరాకీ. 2025 జులైలో హాలీవుడ్‌లో టెస్లా తెరిచిన భోజనశాలలో 80 ఛార్జింగ్ స్థానాలు, కారులోంచి చూసేందుకు రెండు పెద్ద సినిమా తెరలు ఉన్నాయి.